పరీక్షలో పలికే విశ్వాసం

తాండూరు బండల గురించి తెలియని తెలుగిల్లు తక్కువ. నీలం బండ, పసుపు బండ... మీ ఇంటి వసారాలోనో, బడి వరండాలోనో, రైల్వే స్టేషన్లోనో ఎక్కడో ఒకచోట మీ కాలికి తగిలే ఉంటుంది. పాలిష్ పట్టిన బండ చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కానీ అనుభవం ఉన్న మేస్త్రీ కళ్ళతో చూసి ఊరుకోడు. చిన్న సుత్తితో బండ మీద టక్కున కొడతాడు. ఖంగుమని మోగితే గట్టి బండ. డబ్బుమని మూగగా పలికితే లోపల ఎక్కడో పగులుందన్న మాట. పైకి కనపడని పగులును సుత్తి దెబ్బ బయట పెడుతుంది.

ఇక్కడొక విషయం గమనించండి. సుత్తి ఆ పగులును పుట్టించలేదు. అది ముందే ఉంది. అట్లనే మంచి బండకు గట్టిదనాన్ని సుత్తి ఇవ్వలేదు. అదీ ముందే ఉంది. దెబ్బ చేసిన పనల్లా ఉన్నదాన్ని తెలియజెప్పడమే. 'దేవుడు పరీక్షిస్తున్నాడు' అన్న మాట మా చర్చిలో విన్నప్పుడల్లా నాకు మా ఊరి మేస్త్రీల చేతిలోని ఆ సుత్తే గుర్తొస్తుంది. అయితే మనిషి బండ కాదు. బండకు పగులుంటే పక్కన పడేస్తారు. మనిషిలో పగులు బయట పడితే దేవుడు ఏం చేస్తాడన్నదే అసలు ప్రశ్న.

ఒకే మాట, రెండు అర్థాలు

తెలుగు క్రైస్తవులం 'శోధన' అనే మాటను చాలా మామూలుగా వాడేస్తాం. జ్వరమొచ్చినా శోధనే, అప్పులైనా శోధనే, పక్కింటివాళ్ళతో తగువైనా శోధనే, పరాయి సొమ్ము మీద మనసు పోయినా శోధనే. నిజానికి ఇందులో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి, మనిషిని నిలబెట్టి చూసే పరీక్ష. రెండోది, మనిషిని పడగొట్టాలని చూసే ప్రలోభం. కొత్త నిబంధన రాసిన గ్రీకు భాషలో కూడా ఈ రెంటికీ ఒకే మాట ఉండటంతో యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలోనే దాన్ని విడమరచాల్సి వచ్చింది. కష్టాలొచ్చినప్పుడు అవి ఓర్పును పుట్టిస్తాయని చెప్పిన ఆయనే, కాసేపటికే, చెడు వైపు లాగేది దేవుడని ఎవరూ అనకూడదని గట్టిగా హెచ్చరించాడు. ఆ లాగుడు మన సొంత ఆశల్లోంచి పుట్టేదని తేల్చి చెప్పాడు.

ఈ తేడా పండితులకు మాత్రమే కావాల్సింది కాదు. రోజువారీ బతుకులో చాలా అవసరం. ఒకే సంఘటన పరీక్షా కావచ్చు, ప్రలోభమూ కావచ్చు. చేతికి అందే తప్పుడు సొమ్ము ఉందనుకోండి. 'తీసుకో' అని చెవిలో చెప్పేది ప్రలోభం. 'నువ్వెవరివో ఇప్పుడు తేలుతుంది' అనేది పరీక్ష. ఒకే తలుపు, రెండు వైపులు.

ఆదికాండం 22వ అధ్యాయంలో అబ్రాహాము మోరీయా కొండకు బయల్దేరే కథ ఉంది. కన్న కొడుకు ఇస్సాకును వెంటబెట్టుకొని, కట్టెలు కొడుకు మీద మోపి, మూడు రోజుల ప్రయాణం. చిన్నప్పుడు ఆ కథ వింటే నాకు దేవుడి మీద భయం వేసేది. అన్నీ తెలిసిన దేవుడికి ఇంత పరీక్ష దేనికి అనిపించేది. పెద్దయ్యాక చదివితే అర్థమైంది, ఆ పరీక్ష దేవుడి తెలివి కోసం పెట్టింది కాదని. తన నమ్మకం ఎంత లోతుందో అబ్రాహాముకే తెలియాలి. ఇంకో సంగతి, చుట్టుపక్కల జాతులు బిడ్డలను బలిచ్చే కాలంలో ఆ కథ కత్తి ఆగిపోవడంతో ముగుస్తుంది. బిడ్డను అడిగే దేవుడు కాదు, పొట్టేలును చూపించే దేవుడని ఆ కొండ మీదే తెలిసింది. పరీక్ష చివర్లో అబ్రాహాముకు తన గురించే కాదు, దేవుడి గురించి కూడా కొత్తగా తెలిసింది.

కరువులో తేలిన నిజం

ఇవన్నీ ఎప్పటివో బైబిలు నాటి కథలని కొట్టిపారేయడానికి లేదు. మన తెలుగు నేల మీదే జరిగిన ఒక సంగతి చెప్తాను.

1836లో అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే తెలుగువారి మధ్యకు వచ్చాడు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా ఫలితం వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. ఖర్చు దండగ, ఈ పని మూసేద్దామని అమెరికాలో చర్చ నడిచింది. 1853లో కూడా అదే మాట వచ్చింది. తమ పటంలో ఒంటరిగా మెరిసే చుక్కలా ఉందని దానికి 'లోన్ స్టార్' అని పేరు పడింది. ఆ రోజుల్లో, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలులో ఒక కొండెక్కి ప్రార్థన చేశారు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు. వాళ్ళు అడిగిన మనిషి, జాన్ క్లౌ, ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. అంటే పన్నెండేళ్ళ తర్వాత! కొండ దిగిన మర్నాడే జవాబు రాలేదు.

తర్వాత 1876-78 మధ్య దక్షిణ భారతాన్ని పీల్చి పిప్పి చేసిన మహా కరువు వచ్చింది. లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికేలా చేశాడు. ఆ కూలీల్లో ఎక్కువ మంది దళితులు. మట్టి తవ్వుతూ, మధ్యమధ్యలో కూర్చున్నప్పుడు సువార్త విన్నవాళ్ళు వేలల్లో బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

ఇక్కడే అసలు పరీక్ష. ఇచ్చేవాడికీ పరీక్షే, అడిగేవాడికీ పరీక్షే. అన్నం కోసం వస్తున్నారా, నమ్మకంతో వస్తున్నారా? క్లౌ కరువు పనులు నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సంఖ్యలు పెరగాలని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మిషనుకు ఇది చిన్న విషయం కాదు. పంట ఇంటికొచ్చే వేళ కొడవలి పక్కన పెట్టడం లాంటిది. సాయం ఆగిపోయాక, ఇక చేతిలో పెట్టడానికి ఏమీ లేదని చెప్పాక కూడా, జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్యను చాలామంది గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ సంఖ్య కన్నా అంతకు ముందు గడిచిన ఖాళీ నెలలే గొప్పగా అనిపిస్తాయి. ఏమీ దొరకదని తెలిశాక కూడా వచ్చినవాళ్ళ విశ్వాసాన్ని 'అన్నం కోసం వచ్చింది' అని ఎవరూ తేలిగ్గా కొట్టిపారేయలేరు. పరీక్ష వాళ్ళకిచ్చిన బహుమతి అదే. తమ నమ్మకం తమదేనని చెప్పుకునే హక్కు.

రెండు బుక్కులు

ఇక నా సంగతి. చెప్పుకోడానికి పెద్ద సాక్ష్యమేం కాదు. మా తాండూరు చుట్టుపక్కల ఇట్లాంటివి ఎన్ని ఇళ్ళల్లో జరిగాయో లెక్కలేదు.

కొన్నేళ్ళ కింద నేను ఒక బండల యార్డులో లెక్కలు రాసేవాణ్ణి. కోసినవాళ్ళకు, పాలిష్ పట్టినవాళ్ళకు అడుగుల లెక్కన కూలి. ఎవరు ఎన్ని అడుగులు చేశారో కొలిచి రాయడం నా పని. ఒకరోజు సేటు పిలిచి, ఇక నుంచి రెండు బుక్కులు రాయమన్నాడు. ఒకటి అసలుది, ఒకటి కూలీలకు చూపించేది. ఒక్కొక్కరికి వందకు ఆరేడు అడుగులు తగ్గించాలి. 'ఎవనికీ తెల్వదు, నీకు సుత నెలకు ఇంత అని వేరే ఇస్తా' అన్నాడు.

అప్పుడు మా ఇంట్లో పరిస్థితి ఏమిటంటే, నా భార్యకు గర్భసంచి ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పి నెల దాటింది. రక్తం పోయి పోయి ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. ఇద్దరు పిల్లలు బడికి పోతున్నారు. చేతిలో పైసా లేదు. సేటు చెప్పిన సొమ్ము సరిగ్గా ఆపరేషన్‌కు సరిపోయేంత. ఇది దేవుడే పంపిన దారి అనుకోడానికి అన్నీ కుదిరినట్టే ఉన్నాయి. ప్రలోభం ఎప్పుడూ అవసరం వేషంలోనే వస్తుంది కదా!

ఆ రాత్రి ఇంట్లో చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: 'పాలిష్ పట్టేటోళ్ళ పైసలతోని నాకు నయమైతదా? నయమైనా, ఆళ్ళ పెండ్లాలు నీళ్ళ కాడ ఎదురైతే నేనేం మొహం పెట్టుకోని మాట్లాడాలె?' ఆమె బైబిలు వాక్యమేం చెప్పలేదు. ప్రార్థన చేద్దామని కూడా అనలేదు. కానీ ఆ మాటతో నాకు నిర్ణయం అయిపోయింది. మర్నాడు సేటుకు నాతోని కాదని చెప్పాను. నెలాఖరుకు పని పోయింది.

మీరు ఇక్కడ ఒక అద్భుతం కోసం చూస్తున్నారేమో. జరగలేదు. నా స్థానంలో ఇంకొకరు వచ్చారు. రెండు బుక్కులూ నడిచాయి. కూలీలకు కొలత తగ్గుతూనే ఉంది. నా పని పోయింది గానీ వాళ్ళ నష్టం ఆగలేదు. ఆ ఆరు నెలలూ నన్ను పట్టి పీడించింది ఈ సంగతే. ఆకలిని ఓర్చుకోవచ్చు. 'నేను నిలబడ్డందుకు ఎవరికేం లాభం?' అన్న ప్రశ్నను ఓర్చుకోవడం కష్టం.

కందుల సీజన్‌లో మార్కెట్ యార్డులో ఒక అడ్తిదారు దగ్గర రోజుకూలి మీద తూకాలు రాశాను. చర్చిలో ఆడవాళ్ళు వంతులు వేసుకొని జొన్న రొట్టెలు, పప్పు తెచ్చి పెట్టేవాళ్ళు. వాళ్ళెవరూ 'దేవుడు పరీక్షిస్తున్నాడు' అని చెప్పలేదు. గిన్నె పెట్టి, పిల్లల తల దువ్వి వెళ్ళేవాళ్ళు. యార్డులో పాలిష్ పట్టే ఒక ముస్లిం అన్న ఒకరోజు ఇంటికొచ్చి ఐదు వందల రూపాయలు చేతిలో పెట్టి, 'నువ్వెందుకు పని మానుకున్నవో మాకు తెలుసు తమ్మీ' అన్నాడు. నేనెవరికీ చెప్పలేదు. ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి హైదరాబాద్‌లో సర్కారు దవాఖానలో ఆపరేషన్ అయింది, మూడు నెలలు ఆలస్యంగా. ఆ మూడు నెలలు ఆమె పడ్డ బాధను 'అంతా మంచికే' అని నేను అనలేను. అనను కూడా.

అయితే ఒక్కటి మాత్రం జరిగింది. అంతకు ముందు నా ప్రార్థనలు వినతిపత్రాల్లాగా ఉండేవి. ఫలానాది ఇయ్యి, ఫలానాది తీసెయ్యి. ఆ ఆరు నెలల్లో నేను దేవుడితో పోట్లాడటం నేర్చుకున్నాను. బైబిలులో ఉన్న 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొర పెట్టుకునేవే, 'ఎన్నాళ్ళు?' అని నిలదీసేవే అని అప్పుడే గమనించాను. నమ్మకం లేనివాడు పోట్లాడడు, లేచి వెళ్ళిపోతాడు. పోట్లాడుతున్నానంటే ఇంకా ఆ గుమ్మం దగ్గరే ఉన్నానన్న మాట.

ఓర్పు నుంచి గుణం

పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో ఒక వరుస చెప్తాడు. శ్రమలోంచి ఓర్పు, ఓర్పులోంచి పరీక్షకు నిలిచిన గుణం, దానిలోంచి నిరీక్షణ. మధ్యలో ఉన్న ఆ 'పరీక్షకు నిలిచిన గుణం' అనే దానికి ఆయన వాడిన గ్రీకు మాట కుటుంబం లోహాలను, నాణేలను పరీక్షించి మంచివని తేల్చడానికి వాడేది. పేతురు కూడా విశ్వాసాన్ని నిప్పులో పుటం పెట్టిన బంగారంతో పోలుస్తాడు.

ఈ వరుసలో తొందరపడి దాటేసే మెట్టు ఓర్పు. శ్రమ నుంచి నేరుగా గుణం రాదు. శ్రమ ఒక్కటే అయితే మనిషిని చేదుగా కూడా మార్చగలదు. ఒకే కష్టం ఒకరిని మెత్తన చేస్తే ఇంకొకరిని రాయి చేస్తుంది. తేడా ఆ మధ్య కాలం ఎట్లా గడిచిందన్న దానిలో ఉంటుంది.

యోసేపును చూడండి. అన్నల చేతిలో అమ్ముడుపోయినప్పుడు పదిహేడేళ్ళ కుర్రాడు. ఫరో ముందు నిలబడేసరికి ముప్ఫై ఏళ్ళు. మధ్యలో పదమూడేళ్ళు బానిసత్వం, చేయని తప్పుకు జైలు. తను సాయం చేసిన పానదాయకుల అధిపతి బయటికెళ్ళి రెండేళ్ళు మరిచిపోయాడు. ఆ పదమూడేళ్ళలో యోసేపు చేసిందేమిటంటే, ఎక్కడుంటే అక్కడి పని సరిగ్గా చేయడం, పక్కవాడి మొహం వాడిపోయి ఉంటే 'ఏమైంది?' అని అడగడం. తర్వాత దేశానికి కరువు వచ్చినప్పుడు ధాన్యం అతని చేతిలో పెట్టారు. అన్నలు చేతికి చిక్కినప్పుడు పగ తీర్చుకోలేదు. సింహాసనం పక్కన కూర్చున్న రోజున కాదు, జైలులో ఉన్నప్పుడే ఆ గుణం తయారైంది.

మా వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల మీద క్షయ రోగుల ఆసుపత్రి ఉంది. క్షయకు సరైన మందులు రాని కాలంలో ఇట్లాంటి శానిటోరియంలలో వైద్యం అంటే ప్రధానంగా మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఎదురుచూడటమే. బయటివాళ్ళకు అది ఖాళీగా పడుకోవడంలా కనపడుతుంది. లోపల ఊపిరితిత్తులు మాత్రం మెల్లగా మానుతూ ఉండాలి. ఓర్పు కూడా అంతే. పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది.

పక్కవాడి కష్టానికి ప్రసంగం వద్దు

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. 'ఇది దేవుడి పరీక్ష' అనే మాటను మన కష్టం గురించి మనం అనుకోవచ్చు. పక్కవాడి కష్టం గురించి మనం తీర్పు చెప్పకూడదు. బిడ్డ పోయిన తల్లి దగ్గర కూర్చొని ఈ మాట అనడం కన్నా క్రూరం ఇంకోటి లేదు.

యోబు స్నేహితులు ముగ్గురూ మొదట చేసింది సరైన పనే. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు. నీ పాపమే దీనికి కారణమని ఒకరి తర్వాత ఒకరు వాదించారు. చివరికి దేవుడు తప్పుపట్టింది ప్రశ్నలు వేసి అరిచిన యోబును కాదు, దేవుణ్ణి సమర్థిస్తున్నామనుకున్న ఈ ముగ్గురినీ. యోబే వాళ్ళ కోసం ప్రార్థన చేయాల్సి వచ్చింది.

అట్లనే, మనుషులు చేసే అన్యాయాన్ని దేవుడి పరీక్ష అని పేరు పెట్టి భరించమనడం కూడా తప్పే. కూలి ఎగ్గొట్టేవాడు దేవుడి తరఫున పరీక్ష పెట్టే పర్యవేక్షకుడు కాదు. తాగొచ్చి కొట్టే మొగుడూ కాదు. అక్కడ ఓర్పు అంటే నోరు మూసుకోవడం కాదు, ధైర్యంగా నలుగురికి చెప్పడం, సాయం తీసుకోవడం. యాకోబు పత్రికలోనే ఐదో అధ్యాయంలో, పొలం కోసినవాళ్ళ కూలి బిగబట్టిన ధనవంతుల మీద ఆయన నిప్పులు చెరిగాడు. ఓర్పు గురించి చెప్పిన కలమే అది కూడా రాసింది.

మరి పరీక్షలో నెగ్గినట్టు గుర్తేమిటి? ఉద్యోగం తిరిగి రావడమా, రోగం తగ్గడమా? పౌలుకు శరీరంలో ఒక ముల్లు ఉండేది. మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. కృప చాలునన్న జవాబే వచ్చింది. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లో ఆయనే ఇంకో సూచన ఇచ్చాడు. దేవుడు మనల్ని ఓదార్చేది, మనం ఇంకొకరిని ఓదార్చగలగడానికి. నాకు తెలిసినంతలో గుర్తు ఇదే. మన కష్టం దాటాక పక్కవాడి తలుపు తట్టడం మనకు తేలికైందా, లేదా?

ఏటా నవంబరులో వికారాబాద్ జిల్లా ధారూరులో మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. తెలంగాణ నుంచే కాదు, పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. గుడారాలు వేసుకొని, అక్కడే వండుకొని, రోజుల తరబడి ఉంటారు. వీలైతే ఒకసారి వెళ్ళి చూడండి. ప్రసంగాలు అయిపోయిన తర్వాత రాత్రిపూట పొయ్యిల దగ్గర కూర్చోండి. పంట పోయినవాళ్ళు, మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు, జవాబు ఇంకా రానివాళ్ళు అక్కడ కనపడతారు. తమ కష్టం చెప్పుకుంటూనే పక్క గుడారం పిల్లగాడికి అన్నం కలిపి పెడుతుంటారు. పరీక్ష ఎందుకొచ్చిందో వాళ్ళను అడిగితే చెప్పలేకపోవచ్చు. దాంట్లోంచి ఏం మిగిలిందో మాత్రం ఆ ముద్ద చూస్తే మీకే తెలుస్తుంది.